బెర్లిన్‌లో రూము ఉంది, అడ్రస్ లేదు. ఏం చెయ్యాలో చెప్పండి

గంటస్తంభం_కుర్రాడు
మాది విజయనగరం. మాస్టర్స్ చదవడానికి బెర్లిన్ వచ్చి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. క్లాసులు మొన్న సోమవారం మొదలయ్యాయి. అమ్మకి రోజూ ఫోన్‌లో అంతా బాగుందనే చెప్తున్నాను, ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఫ్లాట్‌లో రూము దొరికింది, ఇద్దరం షేరింగ్, మనిషికి నెలకి 420 యూరోలు. దిగాక తెలిసిందేమిటంటే ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ అవ్వదట, అంటే ఈ అడ్రస్ మీద నా పేరు రిజిస్టర్ చేసుకోవడానికి లేదు. ఫ్లాట్ నడిపే ఆయన ‘ఇప్పటికే నలుగురున్నారు, ఓనరుకి తెలిస్తే గొడవైపోద్ది, రెండు మూడు నెలలు ఆగు’ అంటున్నాడు. ఆయనా తెలుగాయనే, మర్యాదగానే మాట్లాడతాడు, అందుకే గట్టిగా అడగలేకపోతున్నాను. రిజిస్టర్ అవ్వకపోతే ట్యాక్స్ నంబరు రాదు, అది లేదంటే పార్ట్‌టైమ్ ఇచ్చేవాళ్ళు మాట మార్చేస్తున్నారు, వీసా పొడిగించాలన్నా ముందు ఆ కాగితమే అడుగుతారట.

ఇంకోటి. కింద మెట్ల దగ్గర గోడకి ఇరవై నాలుగు పోస్టు డబ్బాలున్నాయి, లెక్కపెట్టాను. ఒక్కదాని మీదా ఫ్లాట్ నంబరు లేదు, అన్నీ పేర్లే. నా పేరు లేదు కాబట్టి బ్యాంకు కార్డు రెండుసార్లు వచ్చి వెనక్కి పోయింది. మా ఇంటికి గంటస్తంభం దగ్గర ఫలానావారి అబ్బాయి అని రాసినా ఉత్తరం వచ్చేస్తుంది. ఇక్కడ వీధి, ఇంటి నంబరు, పిన్‌కోడ్ అన్నీ సరిగ్గా రాసినా అలాంటి మనిషే లేడు అంటున్నారు.

మా ఊరి పైడితల్లమ్మ పండగ, సిరిమాను కూడా ఈసారి ఫోన్‌లోనే చూశాను, అదీ క్యాంపస్‌లో నిలబడి. సంక్రాంతికి టికెట్ తీసుకుని వచ్చేద్దామా అనిపిస్తోంది.

పలాస_జీడి
ఇద్దరు షేరింగ్‌కి 420 తీసుకుని అడ్రస్ మాత్రం లేదన్నాడా? మిగతావాళ్ళ దగ్గరా అంతే వసూలు చేస్తే ఆయన తన అద్దె తన జేబులోంచి కట్టక్కర్లేదు. మర్యాదగా మాట్లాడక ఏం చేస్తాడు మరి.

బొబ్బిలి_అక్క
ఏడేళ్ళుగా బెర్లిన్‌లో ఉన్నాను తమ్ముడూ, ముందు కంగారు పడకు. నీకున్నది ఒక్కటే సమస్య, మిగతావన్నీ దాని తోకలు.

ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు ఆన్‌మెల్డుంగ్ చేసుకోవాలన్నది రూలు. ఆలస్యమైతే వెయ్యి యూరోల దాకా జరిమానా వెయ్యొచ్చని చట్టంలో ఉంది, కానీ అపాయింట్‌మెంట్ దొరక్క కొన్నాళ్ళు అటూ ఇటూ అయినవాళ్ళకి జరిమానా పడినట్టు నాకు తెలిసినవాళ్ళలో ఒక్కరూ లేరు. బ్యుర్గర్‌ఆమ్ట్ అంటే ఇలాంటి పనులు చేసే ప్రభుత్వ ఆఫీసు, ఊళ్ళో దేనికి వెళ్ళినా చేస్తారు, మీ పేటలో ఉన్నదానికే వెళ్ళాలని లేదు. పొద్దున్నే సైట్ తెరిచి కూర్చుంటే ఎవరో వదులుకున్న స్లాట్లు పడుతుంటాయి. రూము దొరికాక చూద్దాంలే అనుకోకు, స్లాట్ ఇప్పుడే పట్టి పెట్టుకో, ఆ తారీఖు వచ్చేలోపు రూము వెతుక్కో.

వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు, ఫారం, ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ సంతకం ఓనరే పెట్టాలని లేదు, ఓనరు ఒప్పుకోగా నీకు గది ఇచ్చిన మెయిన్ టెనెంట్ కూడా పెట్టొచ్చు. మీ ఆయన పెట్టనంటున్నాడంటే ఓనరుకి తెలియకుండా నడుపుతున్నాడన్నమాట. ఎవరైనా డబ్బులిస్తే వేరే అడ్రస్ మీద కాగితం ఇప్పిస్తామంటే మాత్రం దగ్గరికి పోకు. ఉండని ఇంటి మీద అలా కాగితం ఇచ్చినవాళ్ళకి యాభై వేల యూరోల దాకా జరిమానా ఉంది, నీ వీసా ఫైలుకీ మచ్చ.

ఇక పోస్టు. రూము మారేదాకా ఎవరైనా క్లాస్‌మేట్ అడ్రస్ ఇవ్వు. నీ పేరు రాసి, కింద ‘కేరాఫ్’ అని ఆ డబ్బా మీదున్న పేరు రాయించు. మన ఊళ్ళో రాసే కేరాఫే, ఇక్కడా అచ్చంగా అలాగే చెల్లుతుంది.

ఆమదాలవలస_ప్యాసింజర్
జర్మనీ దాకా వెళ్ళి మళ్ళీ కేరాఫ్‌లో పడ్డావన్నమాట. మా తాత బతికున్నన్నాళ్ళూ మా వీధిలో సగం ఉత్తరాలు ఆయన కేరాఫే వచ్చేవి. చదివి మరీ ఇచ్చేవాడు.

గంటస్తంభం_కుర్రాడు
అక్కా, స్లాట్ సంగతి రేపు పొద్దున్నే చూస్తాను. కానీ ఆయనకి రెండు నెలల అద్దె అడ్వాన్స్ ఇచ్చేశాను. వెళ్ళిపోతానంటే అది వెనక్కి ఇస్తాడో లేదో అని ఉంది. రసీదు లేదు, చేతికే ఇచ్చాను.

పలాస_జీడి
చేతికా!

చీపురుపల్లి_చిన్నోడు
అందరూ కలిసి ఆయన్ని దొంగని చేసేస్తున్నారు గానీ నా మాట కూడా వినండి. నేను 2023లో వచ్చాను, మొదటి నాలుగు నెలలు ఇలాంటి ఫ్లాట్‌లోనే ఉన్నాను. ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్ళింది ఆయనే, మెట్రో టికెట్ మెషిన్ ఎలా నొక్కాలో చూపించింది ఆయనే, మొదటి రాత్రి వేడన్నం చారు పెట్టింది ఆయనే. ఆరోజు ఆ అన్నం లేకపోతే నేను తెల్లారి తిరుగు ఫ్లైట్ చూసుకునేవాణ్ణి.

వేరే రూము వెతుక్కో అనడం తేలికే. జర్మన్ కుర్రాళ్ళతో కలిసి ఉండే ఫ్లాట్లకి నేను ఎనభై మెసేజ్‌లు పెడితే తొమ్మిది మంది జవాబిచ్చారు, ముగ్గురు రమ్మన్నారు. వెళ్తే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వంటిల్లు ఎన్నాళ్ళకోసారి తుడుస్తావు, రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, గిటార్ వాయిస్తావా అని అడిగారు. మన పెళ్ళిచూపుల్లో కనీసం జీడిపప్పు ఉప్మా పెడతారు, వీళ్ళు కుళాయి నీళ్ళు ఇచ్చారు. మూడింట్లోనూ నేను నచ్చలేదు. కాబట్టి తమ్ముడూ, ఉన్న చోటు తొందరపడి వదిలెయ్యకు.

బొబ్బిలి_అక్క
చిన్నోడూ, చారన్నం పెట్టినందుకు ఆయనకి దణ్ణం పెట్టు, నేనూ పెడతాను. దానికీ నలుగురి దగ్గర డబ్బులు తీసుకుని అడ్రస్ ఎగ్గొట్టడానికీ సంబంధం లేదు. నువ్వు నాలుగు నెలలు అడ్రస్ లేకుండా ఉన్నావు కదా, ఆ నాలుగు నెలలూ ఏం పని చేశావో అది కూడా రాయి.

చీపురుపల్లి_చిన్నోడు
అక్క దొరకబుచ్చుకుంది. సరే రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ట్యాక్స్ నంబరు లేకపోవడంతో సైకిల్ మీద ఫుడ్ డెలివరీ పనికి వెళ్ళాను. నేరుగా కంపెనీలో కాదు, మధ్యలో ఒకడుంటాడు, వాడు వేరేవాళ్ళ ఐడీ ఇస్తాడు, నువ్వు తొక్కాలి, డబ్బులు వాడి ఖాతాలో పడతాయి. మొదటి నెల ఇచ్చాడు. రెండో నెల డిసెంబరు, మంచులో తొక్కాను, చేతివేళ్ళు బ్రేకు దగ్గర అలాగే బిగుసుకుపోయేవి. మూడు వారాల డబ్బులు రావాల్సి ఉండగా ఫోన్ స్విచ్ఛాఫ్. ఎవరి మీద కంప్లయింట్ ఇవ్వాలి? నా పేరు మీద కాగితమే లేదు.

స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పని చేయొచ్చు. సొంతంగా కాంట్రాక్టు తీసుకుని చెయ్యడం మాత్రం అనుమతి లేకుండా కుదరదు, డెలివరీల్లో చాలామంది ఇరుక్కునేది అక్కడే. నయమైంది ఏంటంటే యూనివర్సిటీలోనే స్టూడెంట్ అసిస్టెంట్ పని. అది ఆ 140 రోజుల లెక్కలోకి రాదు. నేను ఇప్పుడు ల్యాబ్‌లో అదే చేస్తున్నాను, వెచ్చగా ఉంటుంది.

రాజాం_రోడ్డు
మా తమ్ముడు ఇంకో ఘనకార్యం చేశాడు. ఊళ్ళో ఉండగానే ఆన్‌లైన్‌లో బెర్లిన్ రూము చూసుకుని 700 యూరోలు పంపించాడు. ఓనరు ఇంగ్లండ్‌లో ఉన్నాడట, తాళాలు కొరియర్‌లో పంపిస్తాడట. ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ ఫొటోలు నేనూ చూశాను, బాల్కనీ అవతల తాటిచెట్టు లాంటిది ఉంది. బెర్లిన్‌లో తాటిచెట్టేంట్రా అని వాడికీ తట్టలేదు నాకూ తట్టలేదు. మన వైపు ఎక్కడ చూసినా అవే కదా, కంటికి అలవాటైపోయింది.

వాడిది ప్రైవేటు కాలేజీ కూడా. వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీ చేర్పించింది, పేరొద్దు. బెర్లిన్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కి ఒక చిన్న మొత్తం కడితే చాలని ఆ కన్సల్టెన్సీ వాళ్ళు మాకు చెప్పనే లేదు. పదకొండు లక్షలు ఫీజు పోశాక తెలిసింది.

ఆమదాలవలస_ప్యాసింజర్
చెప్తే వాళ్ళకి కమిషన్ ఎవరిస్తారు.

పలాస_జీడి
ప్రైవేటు కాలేజీలన్నీ అంతే అనకండి, మా కజిన్ ప్రైవేటులోనే చదివి అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. చేరేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి, అంతే.

రాజాం_రోడ్డు
మీ కజిన్‌కి వచ్చింది కదా అని ఊరందరికీ వస్తుందా? పదకొండు లక్షలండీ. ఎకరం చెక్క అమ్మాం.

మూడులాంతర్ల_మాస్టారు
నేను రిటైరైన టీచర్ని, జర్మనీ సంగతులు నాకు తెలియవు. ఈ అబ్బాయి రాసినదాంట్లో ఒక్క మాట పట్టుకున్నాను, అమ్మకి అంతా బాగుందని చెప్తున్నానన్నది.

1979లో నేను విజయనగరం నుంచి వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీకి చదువుకి వెళ్ళాను. అరవై కిలోమీటర్లు, మీ లెక్కలో అది దూరమే కాదు. హాస్టల్లో సీటు రాలేదు. రెండు నెలలు ఒక తెలిసినాయన వరండాలో పడుకుని, ఇంటికి మాత్రం హాస్టల్లో ఉన్నాను, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది అని ఇన్‌లాండ్ లెటర్లు రాసేవాణ్ణి. ఒకరోజు మా నాన్న చెప్పకుండా ప్యాసింజర్‌లో బియ్యం మూట వేసుకుని దిగాడు. హాస్టలుకి వెళ్తే ఆ పేరు ఎవరూ లేరన్నారు. ఊరంతా తిరిగి సాయంత్రానికి నన్ను పట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. వరండాలో నా పక్కనే మూట తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున్న లేచి ‘సముద్రం ఏదిరా’ అన్నాడు.

గంటస్తంభం_కుర్రాడు
మాస్టారూ, మీది చదివి అమ్మకి ఫోన్ చేసి రూము సంగతి ఒక్కటీ చెప్పాను. అమ్మ అంది, నాకు తెలుసురా, వీడియోకాల్‌లో రోజూ ఒకే గోడ చూపిస్తున్నావు కదా అని.

నరసన్నపేట_అమ్మ
మా అబ్బాయి ఏప్రిల్‌లో బెర్లిన్ వెళ్తున్నాడు, అందుకే ఈ చర్చంతా చదువుతున్నాను. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వెయ్యమన్నారు, వేశాం. ఆ డబ్బు ఒక్కసారే తీసుకోవచ్చా? ఇంకా నెయ్యి, కాజాలు, కరివేపాకు పెడదామనుకుంటున్నాను. రాత్రి 9కి ఫోన్ చేస్తే వాడికి ఎంత అవుతుంది?

బొబ్బిలి_అక్క
అమ్మా, ఒక్కసారే రాదు, నెలకి 992 చొప్పున వాడి ఇక్కడి ఖాతాలో పడుతుంది. మొదటి నెల ఖర్చుకి, రూము అడ్వాన్స్‌కి వేరే డబ్బు చేతిలో ఉండాలి, ఇక్కడ అడ్వాన్స్ మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. అందరూ దెబ్బతినేది ఇక్కడే, బ్లాక్డ్ అకౌంట్ ఉందిగా అని ఖాళీ జేబుతో దిగుతారు.

నెయ్యి వద్దు, పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేకూడదు. కోవా స్వీట్లు కూడా అంతే. పచ్చి కరివేపాకు కూడా వద్దు, దానికి సర్టిఫికెట్ కావాలి, నీడలో ఎండబెట్టి పొడి చేసి పెట్టండి. కందిపొడి, ఆవకాయ, ఇంగువ, చింతపండు పెట్టండి. ఆవకాయ సీసా మూత చుట్టూ ప్లాస్టర్ వేసి, రెండు కవర్లలో చుట్టి, బట్టల మధ్య పెట్టకుండా పక్కకి పెట్టండి, నా కాలేజీ సర్టిఫికెట్ల జిరాక్సులు ఇప్పటికీ ఆవ వాసనే.

టైముకొస్తే ఎండాకాలం మనకన్నా మూడున్నర గంటలు వెనక, చలికాలం నాలుగున్నర. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మళ్ళీ మార్చి ఆఖరి ఆదివారం ముందుకి. మీ రాత్రి 9 అంటే వాడు వెళ్ళే ఏప్రిల్‌లో సాయంత్రం ఐదున్నర. ఎత్తకపోతే కంగారు పడకండి, క్లాసులో ఉంటాడు.

నెత్తళ్ళ_పులుసు
ఎండు నెత్తళ్ళు తేవొచ్చా? అదొక్కటీ చెప్పండి, మిగతాదంతా తర్వాత.

బొబ్బిలి_అక్క
తేవొచ్చు. ఎండు చేపలు మనిషికి 20 కేజీల దాకా రానిస్తారు. తేవడం కాదు సమస్య, వేయించడం.

చీపురుపల్లి_చిన్నోడు
వేయించాను ఒకసారి. కిటికీలన్నీ మూసి వేయించాను, చలికని. పది నిమిషాల్లో పై అంతస్తు ఆయన కిందికొచ్చి బెల్ కొట్టి ఏదైనా చచ్చిందా అని అడిగాడు. మామూలుగా అడిగాడు, వెటకారం కాదు. గ్యాస్ వాళ్ళకి ఫోన్ చేసేవాడే.

నెత్తళ్ళ_పులుసు
20 కేజీలు! ఏటి బావూ, అంత మంచి దేశమా.

కళింగపట్నం_లైట్‌హౌస్
నేను బెర్లిన్‌లో మూడేళ్ళుండి తిరిగొచ్చి ఇప్పుడు శ్రీకాకుళంలోనే పని చేసుకుంటున్నాను. అడ్రస్ గురించి అక్క చెప్పింది, నేను తలుపు గురించి చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ ముందు చెప్పరు.

అక్కడ ఫ్లాట్ తలుపుకి బయటివైపు తిప్పే పిడి ఉండదు, ఊరికే గుండ్రటి బుడిపె. తలుపు దగ్గరకి పడిందంటే తాళం పడినట్టే. నేను వెళ్ళిన రెండో నెల, ఆదివారం మధ్యాహ్నం, లుంగీ మీద, చెప్పులేసుకుని చెత్త పారెయ్యడానికి దిగాను. చెత్తంటే మన లాగా ఒక బుట్ట కాదు, కాగితాలు నీలం డబ్బా, ప్లాస్టిక్ పసుపు డబ్బా, కూరగాయ తొక్కలు గోధుమరంగు డబ్బా, మిగిలింది నల్లది. వంకాయ తొడిమ ఎందులో వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను, పైన నాలుగో అంతస్తులో దబ్‌మని చప్పుడు. గాలికి తలుపు. ఫోన్ లోపల, పర్సు లోపల, స్టవ్ మీద పప్పు. పక్కింటి ముసలాయన ఫోన్‌లోంచి తాళాలవాణ్ణి పిలిస్తే ముప్పావు గంటకొచ్చాడు. ఒక ప్లాస్టిక్ ముక్క తలుపు సందులో పెట్టి ఇలా అన్నాడు, తెరుచుకుంది. పది సెకన్లు. 280 యూరోలు. ఆదివారం కదండీ అన్నాడు. అప్పుడు రూపాయల్లో లెక్కేసుకోవడం మొదలుపెట్టి మెట్ల మీద కూర్చుండిపోయాను.

పప్పు మాత్రం మాడలేదు. అక్కడి ఎలక్ట్రిక్ స్టవ్ అంత నిదానం.

కాబట్టి తాళంచెవి ఒకటి ఎప్పుడూ వేరే ఇంట్లో ఉంచు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారం సాయంత్రమే బియ్యం, పాలు చూసుకో. మరిచిపోతే పెద్ద రైల్వే స్టేషన్‌లో కొన్ని తెరిచి ఉంటాయి. నీళ్ళ సీసాలు కొనకు, కుళాయి నీళ్ళు తాగొచ్చు, సున్నం ఎక్కువ కాబట్టి కెటిల్‌కి తెల్ల పొర కడుతుంది, భయపడకు. కొన్నా ఖాళీ సీసా పారెయ్యకు, ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు, బీరు సీసాకి 8. నేను మా ఫ్లాట్‌మేట్ పార్టీ చేసుకున్న మర్నాడు రెండు సంచులు మోసుకెళ్ళి వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకునేవాణ్ణి.

ఇంక చలి అలవాటవుతుంది, చీకటి అలవాటవదు. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగుకి ముందే పొద్దు పోతుంది. అరసవల్లి వాడికి సూర్యుడు కనిపించకపోతే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పగలు పది నుంచి రెండు మధ్య గదిలో ఉండకు, ఏదో వంకతో బయటికెళ్ళు. టెంపెల్‌హోఫ్ అని పాత విమానాశ్రయం ఉంది, 2008లో మూసేసి 2010 నుంచి జనానికి వదిలేశారు, రన్‌వే మీద గాలిపటాలు ఎగరేసుకుంటారు. నేను అక్కడ ఊరికే నడిచేవాణ్ణి.

ఆమదాలవలస_ప్యాసింజర్
మూసేసిన ఎయిర్‌పోర్టులో గాలిపటాలు సరే, కొత్తది 2011లో తెరుస్తామని 2020లో తెరిచారట కదా. మన భోగాపురానికి 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన చేశారు. ఈ విషయంలో మనం జర్మనీకి ఏం తీసిపోలేదు.

పలాస_జీడి
280 యూరోలు పది సెకన్లకి. నేను తప్పు కోర్సు చదివాను.

రాజాం_రోడ్డు
లైట్‌హౌస్ గారూ, తిరిగెందుకొచ్చేశారు? అక్కడ ఉద్యోగం రాలేదా?

కళింగపట్నం_లైట్‌హౌస్
వచ్చింది. రెండేళ్ళు చేశాను కూడా. నాన్నకి బాగోలేక వచ్చాను, తర్వాత వెళ్ళబుద్ధి కాలేదు. ఈ ప్రశ్న ఏడు రోడ్ల జంక్షన్‌లో రోజుకొకరు అడుగుతారు, ఇక్కడా తప్పలేదు.

రాజాం_రోడ్డు
తప్పుగా అనుకోకండి.

గంటస్తంభం_కుర్రాడు
పది రోజులైంది, ఏం జరిగిందో రాస్తున్నాను.

స్లాట్ దొరికింది, నవంబరు 6కి, ఊరికి ఆ చివర మార్‌త్సాన్‌లో. రూము కోసం యూనివర్సిటీ నోటీసు బోర్డులు చూశాను, స్టూడెంట్ హాస్టల్‌కి పేరిచ్చాను, దాని క్యూ పెద్దది. చిన్నోడన్న చెప్పిన పెళ్ళిచూపులు నాలుగయ్యాయి. ఒకచోట కుక్కకి నేను నచ్చలేదు, వాళ్ళు అదే మాట చెప్పారు. ఆఖరికి స్టెగ్లిట్జ్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో గది కుదిరింది, 450, నాకొక్కడికే. ఆవిడకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, నాకు జర్మన్ అంతకన్నా తక్కువ. షరతులు చెప్పింది. రాత్రి పది దాటాక చప్పుడు వద్దు, బూట్లు బయట విప్పాలి, పొద్దునా రాత్రీ కిటికీలు పూర్తిగా తెరిచి గాలి మార్చాలి, బయట మంచు పడుతున్నా సరే. బూట్ల సంగతి వినగానే మా అమ్మ పంపించిన మనిషేమో అనిపించింది.

పాత ఫ్లాట్ ఆయనతో మాట్లాడాను. చిన్నోడన్నా, నువ్వన్నదీ నిజమే, అక్కన్నదీ నిజమే. వెళ్ళిపోతానంటే మొహం మాడ్చుకున్నాడు, అడ్వాన్స్‌లో ఒక నెల మాత్రం ఇచ్చాడు, రెండో నెల జనవరిలో అన్నాడు. కానీ నా రెండు సూట్‌కేసులూ స్టేషన్ దాకా ఆయనే మోశాడు.

పలాస_జీడి
జనవరిలో ఇస్తాడు. ఏ సంవత్సరం జనవరో అడిగావా?

బొబ్బిలి_అక్క
మెసేజ్‌లో రాయించుకో తమ్ముడూ. ‘అన్నా, జనవరిలో 420 ఇస్తానన్నారు కదా’ అని నువ్వే పెట్టు, ఆయన సరే అంటే అదే నీ రసీదు. ఆవిడ కాగితం మీద సంతకం పెట్టిందా? డబ్బా మీద పేరు?

గంటస్తంభం_కుర్రాడు
సంతకం పెట్టేసింది, తారీఖుతో. డబ్బా దగ్గర మాత్రం చిన్న పంచాయితీ. నా పాస్‌పోర్టులో ఇంటిపేరుతో కలిపి మొత్తం పేరు ఇరవై ఆరు అక్షరాలు, అందులో మా తాత పేరు కూడా ఉంది. ఆవిడ లేబుల్ మిషన్‌లో కొడుతూ కొడుతూ సగంలో ఆగి, ఇందులో నువ్వెవరు అంది. ఇంటిపేరు ఒక్కటి చాలంది. నేను పూర్తి పేరు ఉండాలన్నాను, బ్యాంకు కార్డు మూడోసారి వెనక్కి పోతే ఏడుస్తానని చెప్పడానికి నాకు జర్మన్ రాదు, చేతులతో చెప్పాను. చివరికి రెండు వరసల్లో కొట్టింది. ఆ వరసలో అన్నిటికన్నా పెద్ద లేబుల్ నాదే, డబ్బా మూత దాటి కొంచెం బయటికి వచ్చింది.

మూడులాంతర్ల_మాస్టారు
తాతగారి పేరు కూడా ఉందా లేబుల్ మీద?

గంటస్తంభం_కుర్రాడు
ఉంది మాస్టారూ. రెండో వరసలో.

చీపురుపల్లి_చిన్నోడు
ఇప్పుడు చెప్తున్నాను రాసిపెట్టుకో, ఆ డబ్బాలో నీకు ఇంచుమించు ముందుగా వచ్చే ఉత్తరం టీవీ, రేడియోల చందా కట్టమని. టీవీ లేకపోయినా కట్టాలి. నెలకి 18.36. కాకపోతే ఇంటికి ఒకటే, మనిషికి కాదు. ఆవిడ ఇప్పటికే కడుతుంటే ఆవిడ నంబరు రాసి పంపు, నువ్వు కట్టక్కర్లేదు. నేను తెలియక చింపి పారేశాను, ఏడు నెలలది కలిపి వచ్చింది.

నరసన్నపేట_అమ్మ
ఈ అబ్బాయి రాసినవన్నీ మా వాడి చేత నోట్‌బుక్‌లో రాయిస్తున్నాను. ఇంకో మాట, ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

బొబ్బిలి_అక్క
హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా యూనివర్సిటీలో చేర్చుకోరు కాబట్టి అది ఎలాగూ ఉంటుంది, ముప్పై ఏళ్ళలోపు విద్యార్థికి నెలకి 140 యూరోలు అటూ ఇటూ. ప్రాణం మీదికొస్తే 112. అంత కాదు, రాత్రిపూట జ్వరం లాంటిదంటే 116117. ఆ రెండు నంబర్లూ వెళ్ళకముందే ఫోన్‌లో సేవ్ చేయించండి. మామూలు జ్వరానికి డాక్టర్ దగ్గరకెళ్తే టీ తాగి పడుకోమంటారు, ఇంజెక్షన్ ఇవ్వలేదని మన వాళ్ళు బాధపడతారు.

గంటస్తంభం_కుర్రాడు
మళ్ళీ నేనే. 6న ఆన్‌మెల్డుంగ్ అయిపోయింది, పది నిమిషాలు కూడా పట్టలేదు. కాగితం చేతికిచ్చి వెళ్ళమన్నారు, ఇంతకేనా అనిపించింది.

ఇవాళ సాయంత్రం నాలుగున్నరకి, అంటే ఇక్కడి లెక్కలో రాత్రి, డబ్బా తెరిస్తే మూడు కవర్లు. ఒకటి బ్యాంకు కార్డు. ఒకటి చిన్నోడన్న చెప్పిన చందా. మూడోది ట్యాక్స్ నంబరు, పదకొండు అంకెలు. మెట్ల లైటు దానంతటదే ఆరిపోయేది కదా, మళ్ళీ నొక్కి మళ్ళీ చదివాను. సోమవారం లైబ్రరీలో పని గురించి అడగడానికి వెళ్తున్నాను, స్టూడెంట్ అసిస్టెంట్ పోస్టు, పుస్తకాలు సర్దడమే. సంక్రాంతి టికెట్ చూశాను, ధర చూసి మూసేశాను. ఎండాకాలం సెలవుల్లో చూస్తాను.

పెద్దావిడ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తోంది, ముందు ‘హెర్’ తగిలించి, అంటే మిస్టర్ అని. మా నాన్నని పిలిచినట్టుంది.

ఆమదాలవలస_ప్యాసింజర్
లేబుల్ ఫొటో పెట్టు. వద్దులే, అడ్రస్ అందరికీ తెలిసిపోద్ది.

నెత్తళ్ళ_పులుసు
అడ్రస్ వచ్చింది కదా. నాకు వేరేగా మెసేజ్ పెట్టు తమ్ముడూ, బారువ నుంచి ఒక కేజీ నెత్తళ్ళు పార్సెల్ చేస్తాను.

చీపురుపల్లి_చిన్నోడు
పోస్టులో వద్దు బాబోయ్. ఆపారంటే కస్టమ్స్ ఆఫీసుకి పిలుస్తారు, వాళ్ళ బల్ల మీద నువ్వే విప్పి చూపించాలి.

బొబ్బిలి_అక్క
ఏప్రిల్‌లో నరసన్నపేట అబ్బాయి వస్తున్నాడుగా, వాడి చేత పంపండి. నాకు అరకేజీ.